సీసం ఒక్కటే, అచ్చులే వేరు



పోయిన నెల యౌవనస్థుల కూటం ముగిశాక ఒక తమ్ముడు మమ్మల్ని అడిగాడు: "అయ్యగారూ, తుపాకీలో వేసే గుండూ, మన వలకు కట్టే గుండూ ఒకటే సీసమంట గదా. ఒకటి జేబులో ఉంటే పోలీసోళ్ళు పట్టుకుంటారు, ఇంకోటి లేకపోతే పూట గడవదు. ఇదెట్టా?" అందరూ నవ్వారు. మేమూ నవ్వాము. కానీ ఇంటికి వచ్చాక ఆ మాట మమ్మల్ని వదల్లేదు. మన తీరంలో సీసం కరగబోయని పల్లె లేదు. దాని గురించి మనం మాట్లాడుకున్నది మాత్రం చాలా తక్కువ. ఈసారి ఆ సంగతే రాస్తున్నాము. కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి. ముఖ్యంగా ఇంట్లో చిన్నబిడ్డలున్న వాళ్ళు చివరిదాకా చదవండి.

తుపాకీ గుండు

మన సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. పేరు రాయము. బకింగ్‌హాం కాలువకు పడమట వాళ్ళకు వేరుశనగ చేలు ఉండేవి. వాళ్ళ నాయన కాలంలో అడవిపందుల బెడద ఎక్కువగా ఉండి, లైసెన్సు మీద ఒక నాటు తుపాకీ ఇంట్లో పెట్టుకున్నారు. మూతిలోంచి మందు దట్టించి, పైన గుండు వేసి, ఇనప చువ్వతో కూరి పేల్చే రకం. పంటను కాపాడుకోవడానికి రైతుకు ఇలాంటి తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చని 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. పందిని కొట్టింది తక్కువ, చప్పుడు చేసి తరిమింది ఎక్కువ అంటారాయన. అయినా నాలుగు గుండ్లు ఎప్పుడూ డబ్బాలో సిద్ధంగా ఉండేవట.

ఆ గుండ్లు ఎలా పోసేవాళ్ళో ఆయన మాకు రెండు సాయంత్రాలు కూర్చుని చెప్పారు. వింటుంటే అది ఆయుధం సంగతి కంటే ఓర్పు సంగతిలా అనిపించింది.

అచ్చు చూడటానికి పటకారులా ఉంటుంది. రెండు దవడల్లో రెండు అరగోళాల గుంటలు, మూస్తే ఒక గుండ్రటి ఖాళీ, పైన పోయడానికి చిన్న కంత. బొగ్గుల కుంపటి మీద ఇనప గరిటెలో సీసం పెడతారు. సీసం 327 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది. ఇనుముతో, రాగితో పోలిస్తే అది చాలా తక్కువ వేడి, కొలిమి అక్కర్లేదు. కరిగాక పైన బూడిదరంగు తెట్టు కడుతుంది. కొవ్వొత్తి ముక్క ఒకటి వేసి కలిపితే మకిలి పైకి తేలుతుంది, దాన్ని తీసేస్తే కింద సీసం అద్దంలా మెరుస్తుంది. అప్పుడు అచ్చును దీపం పొగ మీద పట్టి లోపల మసి పట్టిస్తారు, గుండు అంటుకోకుండా ఊడిరావడానికి.

మొదటి నాలుగైదు గుండ్లు ఎప్పుడూ పాడే. ముడతలు పడి వస్తాయి. సీసం వేడిగానే ఉంది, అచ్చు ఇంకా చల్లగా ఉంది, అదీ కారణం. వాటిని విసిరేయరు, మళ్ళీ గరిటెలోకే. అచ్చు సమంగా వేడెక్కాక నున్నటి గుండ్లు రావడం మొదలవుతుంది. పోసిన చోట మిగిలిన తోకను కోసేసి, గుండును పళ్ళెంలో దొర్లిస్తారు. పక్కకు తూలితే లోపల గాలి బుడగ ఉన్నట్టు. తక్కెడలో పెడితే అదే బరువు తక్కువ తూగుతుంది. పైకి ఎంత అందంగా ఉన్నా అది సూటిగా పోదు, దాన్ని కూడా మళ్ళీ కరిగిస్తారు.

ఇంకొక మాట చెప్పారు. "సీసం మెత్తగా ఉండాల, అయ్యగారూ. గోటితో గీస్తే గీత పడాల." బ్యాటరీల్లోంచి వచ్చే సీసంలో ఆంటిమొని అనే ఇంకో లోహం కలుస్తుంది, గట్టిగా ఉంటుంది. టైర్ల షాపులో చక్రానికి కొట్టే బరువు ముక్కలూ అంతే. అలాంటి గట్టి సీసం గొట్టంలో ఒదగదు. ఈ మెత్తదనం మీదే పెద్ద పెద్ద సైన్యాల తుపాకులు నడిచాయి. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలు గొట్టం అంగుళంలో 0.577 వంతు, అంటే సుమారు 14.7 మిల్లీమీటర్లు. దాని గుండు గొట్టం కంటే కొంచెం చిన్నదిగా పోసి సులువుగా లోపలికి దించేవాళ్ళు. మందు పేలిన ఊపుకు మెత్తటి సీసం వెడల్పై, గొట్టం లోపలి మెలి గాళ్ళను పట్టుకుని తిరుగుతూ బయటికి పోయేది. సీసం గొట్టానికి అంటుకోకుండా తూటా కాగితానికి కొవ్వు పూసేవాళ్ళు. ఆ కొవ్వు ఏ జంతువుదన్న అనుమానమే 1857లో ఎంత మంట రేపిందో మనం బడిలో చదువుకున్నాం.

పన్నెండు బోరు తుపాకీ అని మనవాళ్ళు అంటుంటారు కదా. ఆ పన్నెండు ఏమిటో మాకు కూడా పెద్దాయన చెప్పాకే తెలిసింది. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, ఆ గుండు పట్టే గొట్టం పన్నెండు బోరు. ఒక్కొక్క గుండు సుమారు 38 గ్రాములు. అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దదవుతుంది. 19వ శతాబ్దంలో ఏనుగుల వేటకు వాడిన నాలుగు బోరు తుపాకీకి ఒక్క గుండే పావు పౌను, 113 గ్రాములు. తుపాకీ పేరును కూడా సీసం బరువుతోనే లెక్కగట్టారన్నమాట.

తరువాత కాలం మారింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకీని పోలీసు స్టేషన్‌లో అప్పజెప్పి, అయ్యాక తెచ్చుకోవాలి. లైసెన్సు లేకుండా తుపాకీ గానీ, తూటాలు గానీ తయారు చేయడం, దగ్గర పెట్టుకోవడం నేరం. యౌవనస్థులు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. ఫోనులో ఏదో వీడియో చూసి సరదాకు చేసేది కాదు. నాయన పోయాక పెద్దాయన ఆ లైసెన్సు తన పేరున అడగలేదు. తుపాకీని స్టేషన్‌లో ఇచ్చేసి రసీదు తెచ్చుకున్నారు. ఇంట్లో మిగిలింది ఒక డబ్బాడు సీసం. దాన్ని ఏం చేశారని అడిగాము. "పట్టపు పాళెంలో మనోళ్ళకు వలకు ఇచ్చేసినా, అయ్యగారూ" అన్నారు. అదే సీసం కాలువ దాటి తూర్పుకు వచ్చింది.

వల గుండు

విసురు వల చూడని వాళ్ళు మనలో లేరు. భుజాన వేసుకుని, ఒక అంచు పళ్ళతో పట్టుకుని, నడుం తిప్పి విసిరితే గొడుగులా విచ్చుకుని పడుతుంది. ఆ అంచు చుట్టూ వరసగా సీసం గుళ్ళు లేకపోతే వల నీళ్ళమీద చాపలాగా తేలుతుంది, చేపలు కింద నుంచి నవ్వుకుంటూ పోతాయి. పెద్ద వలకు కిలోల లెక్కన సీసం పడుతుంది. ఎందుకు సీసమే? నీళ్ళకంటే పదకొండు రెట్లకు పైగా బరువు. ఇనుములా ఉప్పునీళ్ళకు తుప్పు పట్టదు. మెత్తన కాబట్టి తాడు చుట్టూ పంటితో నొక్కినా ఒదుగుతుంది. ఈ పంటితో నొక్కే సంగతి మళ్ళీ చెబుతాము.

నిర్గమకాండము 15:10 మన పాళెంలో చదివినప్పుడు మేము వివరించాల్సిన పని ఉండదు. ఫరో సైన్యం నీళ్ళలో ఎలా మునిగిందో చెప్పడానికి అక్కడ వాడిన పోలిక సీసమే. గట్టున పెరిగిన వాళ్ళకు అది అర్థం కావడానికి కొంత సమయం పడుతుంది. వల విసిరే వాడికి ఆ చప్పుడు కూడా వినిపిస్తుంది.

మన నేలకు సీసం కొత్తది కాదు. రెండు వేల ఏళ్ళ క్రితం శాతవాహనులు సీసంతో నాణేలు పోయించారు. రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మతో వాళ్ళ సీసపు నాణేలు ఈ కోరమాండల్ తీరంలోనే దొరికాయి. నాణెం అచ్చులో పడితే అది డబ్బు. వల అచ్చులో పడితే కూడు.

అక్షరం అచ్చులో పడితే? మన చేతిలో ఉన్న పరిశుద్ధ గ్రంథం సంగతి వినండి. 1812 మార్చి 11న బెంగాల్లోని శ్రీరాంపూర్ మిషన్ ప్రెస్ తగలబడింది. విలియం కేరీ రాసిన తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా ఆ మంటల్లో పోయింది. ఎన్నో భాషల సీసపు అక్షరాలు కరిగి ముద్దలైపోయాయి. కానీ అక్షరాలు పోతపోయడానికి మూలమైన ఉక్కు ముద్రలు బూడిద కింద చెక్కుచెదరకుండా దొరికాయి. కరిగిన ఆ లోహాన్నే ఏరుకుని మళ్ళీ అక్షరాలు పోయడం మొదలుపెట్టారు. కేరీ తెలుగు వ్యాకరణాన్ని మళ్ళీ రాసి 1814లో అచ్చు వేయించారు. 1818లో తెలుగు కొత్త నిబంధన అదే ప్రెస్ నుంచి వచ్చింది. అచ్చు మిగిలితే, సీసం మళ్ళీ మాట్లాడింది. యోబు తన మాటలు ఇనప గంటంతో, సీసంతో బండమీద చెక్కి ఉండాలని కోరుకున్న 19:24 వచనం చదివినప్పుడల్లా మాకు ఆ ప్రెస్ గుర్తొస్తుంది.

అయితే ఆ తమ్ముడి ప్రశ్నకు జవాబు ఇదేనా? సీసం తప్పు కాదు, అచ్చును బట్టి మంచీ చెడూ అని చెప్పి ఆశీర్వాదం ఇచ్చేస్తే సరిపోయేది. అలా చెప్పే ముందే మాకు ఇంకొక ఇల్లు గుర్తొచ్చింది.

పొయ్యి పక్కన పిల్లవాడు

మన సంఘంలో ఒక చెల్లెమ్మ భర్త పోయిన తరువాత వల గుళ్ళు పోసి అమ్ముకుంటూ ఇద్దరు బిడ్డలను సాకుతోంది. మంచి పనిమంతురాలు. ఆమె పోసిన గుళ్ళు ఒకే బరువు తూగుతాయని పాళెంలో పేరు. మేమిద్దరం ఒకసారి ప్రార్థనకు వెళ్ళినప్పుడు పని జరుగుతోంది. వంటింటి పాకలోనే పొయ్యి. అంతకుముందు కూర వండిన సట్టిలోనే సీసం. గోడవార పగలగొట్టిన పాత లారీ బ్యాటరీలు, లోపలి పలకల మీది బూడిదరంగు పొడి నేలంతా. చిన్నవాడు ఆ పొడిలో వేలితో బొమ్మలు గీస్తున్నాడు. ఆ వేలే నోట్లోకి పోయింది. పెద్దవాడు తాడుకు గుళ్ళను పంటితో నొక్కుతున్నాడు.

అమ్మగారు చిన్నవాణ్ణి ఎత్తుకుని చేతులు కడిగారు. మేము ఆ చెల్లెమ్మతో ఏం మాట్లాడాలో తెలియక కాసేపు కూర్చున్నాము. చివరికి ఉన్నది ఉన్నట్టు చెప్పాము. ఆమె తల వంచుకుని విని, ఒక్క మాట అడిగింది: "పొయ్యి ఆర్పమంటే ఆర్పుతా, అయ్యగారూ. మరి బిడ్డలకు కూడెట్టా?"

ఈ ప్రశ్నకు వాక్యం చెప్పి లేచి రావడం మాకు చేతకాలేదు.

సీసం ఒంట్లోకి పోతే ఏమవుతుందో తెలుసుకుందాం. శరీరం దాన్ని సున్నం అనుకుని ఎముకల్లో, పళ్ళల్లో దాచుకుంటుంది. ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. తల్లి గర్భవతి అయినప్పుడు ఆ ఎముకల్లోంచి కదిలి కడుపులోని బిడ్డకు చేరుతుంది. ఒకే మోతాదు తిన్నా పెద్దవాళ్ళ కంటే చిన్నబిడ్డల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. మెదడు ఎదిగే వయసు కాబట్టి దెబ్బ అక్కడే ఎక్కువ. చదువు ఎక్కదు, మనసు నిలవదు, చిరాకు. బయటికి రోగంలా కనబడదు, మొద్దబ్బాయి అని మనమే పేరు పెడతాం. ఇంతవరకైతే ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో, దాదాపు 80 కోట్ల మందిలో, డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు, లేదా అంతకంటే ఎక్కువ సీసం ఉందని 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు లెక్క చెప్పాయి. పాత బ్యాటరీలను ఇళ్ళ మధ్య పగలగొట్టి కరిగించడం దానికి పెద్ద కారణాల్లో ఒకటి.

మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు, గుర్తుందా? అప్పుడు ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. తరువాత నిపుణులు ఎక్కువగా పురుగుమందుల అవశేషాలనే అనుమానించారు. ఏది ఏమైనా, సీసం అనే మాట ఆ వారం ప్రతి ఇంట్లో వినబడింది. తరువాతి వారం మరిచిపోయాం.

సంఖ్యాకాండము 31:22-23లో యుద్ధం నుంచి తెచ్చిన లోహాలను అగ్నిలో వేసి శుద్ధి చేయమని ఉంది. బంగారం, వెండి, ఇత్తడి, ఇనుము, తగరం, వాటితో పాటు సీసం. మంటలో వేస్తే సీసంలోని మకిలి పోతుంది, నిజమే. సీసంలోని విషం పోదు. అది ఇంకో మందు కలిసి వచ్చింది కాదు, ఆ లోహమే విషం. పెద్దాయన పోసిన మెరిసే గుండులోనూ ఉంది, చెల్లెమ్మ పోసిన వల గుండులోనూ ఉంది. అచ్చు మారితే పని మారుతుంది, సీసం గుణం మారదు. తమ్ముడి ప్రశ్నకు మాకు దొరికిన జవాబు ఇదే. కూడు పెట్టే అచ్చులో పోశాం గదా అని పోసే చేతిని, పక్కన కూర్చున్న బిడ్డను మరిచిపోకూడదు.

గుండు నీళ్ళలో పోయినా అంతే. మన దగ్గర పులికాట్ సరస్సుకు రాజహంసలు, నేలపట్టుకు గూడబాతులు వస్తాయి. తిన్నది అరగడానికి చిన్న రాళ్ళు మింగే అలవాటు చాలా పక్షులకు ఉంది. వేటగాడు వదిలిన సీసపు రవ్వ, తెగిపడిన చిన్న గుండు వాటికి రాయిలాగే కనబడతాయి. హంసలు ఇలాగే చచ్చిపోతున్నాయని బ్రిటన్‌లో 1987లోనే గాలాలకు కట్టే చిన్న సీసపు గుళ్ళ అమ్మకం ఆపేశారు. చిత్తడి నేలల్లో సీసపు రవ్వలతో తుపాకీ పేల్చడాన్ని ఐరోపా సమాఖ్య 2023 నుంచి నిషేధించింది.

మేము చేసినదీ, మీరు చేయవలసినదీ

ఆ చెల్లెమ్మ పొయ్యి ఆర్పలేదు. ఆర్పమని మేము అడగలేదు కూడా. సంఘ పెద్దలతో కలిసి కూర్చున్నాము. పొయ్యిని వంటింట్లోంచి తీసి, ఇళ్ళకు దూరంగా, గాలి సముద్రం వైపుకో చవుడు వైపుకో కొట్టే చోట రేకుల పందిరి వేశారు మన తమ్ముళ్ళు. బ్యాటరీలు పగలగొట్టడం పూర్తిగా మానిపించి, శుభ్రమైన పాత సీసం ముక్కలు కొనడానికి స్త్రీల సమాజం నుంచి కొంత డబ్బు అప్పుగా ఇచ్చారు. ఆమె నెలనెలా తీరుస్తోంది, ఒక్క నెల కూడా తప్పలేదు. బిడ్డలిద్దరికీ నెల్లూరులో రక్తపరీక్ష చేయించాము. ఉండకూడనంత ఉంది. డాక్టరుగారు చెప్పిన ప్రకారం ఇనుము, సున్నం దొరికే తిండి పెడుతున్నారు, మళ్ళీ పరీక్షకు వెళ్ళాలి. ఈసారి తగ్గుతుందో లేదో మాకు తెలియదు. మీ ప్రార్థనల్లో ఆ ఇద్దరినీ జ్ఞాపకం చేసుకోండి.

మిగతా ఇళ్ళ కోసం కొన్ని మాటలు.

సీసం కరిగించే సట్టి, గరిటె మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. వాటికి గుర్తుగా రంగు పూయండి.

కరిగిన సీసంలో నీటిబొట్టు పడనివ్వకండి. తడి ఇసుకలో అచ్చు తీసి పోయకండి. కింద చిక్కిన నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని మొహం మీదికి చిమ్ముతాయి. కన్ను పోతుంది. కాళ్ళకు చెప్పులు, ఒంటికి నిండు చొక్కా వేసుకోండి.

పైన తీసిన తెట్టును, పొడిని పొరకతో ఊడ్వకండి, తడిగుడ్డతో తుడిచి మూతపెట్టిన డబ్బాలో వేయండి. గాలికి లేచే ఆ దుమ్మే అన్నిటికంటే ప్రమాదం.

పని అయ్యాక సబ్బుతో చేతులు, మొహం కడిగి, చొక్కా మార్చి అప్పుడు బిడ్డను ఎత్తుకోండి. పని జరిగే చోట పిల్లలు, గర్భవతులు ఉండకూడదు.

గుళ్ళను పంటితో నొక్కకండి. పటకారు నలభై యాభై రూపాయలు ఎక్కువైతే మాకు చెప్పండి, సంఘం కొనిస్తుంది.

పాత బ్యాటరీని కొత్తది కొన్న షాపులోనే ఇవ్వండి. ధరలో తగ్గిస్తారు. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని సరైన చోటికి పంపాలని తయారీదారులకు 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు బాధ్యత పెట్టాయి. దానిలోని యాసిడ్‌ను మాత్రం బావి దగ్గర, కాలువలో పారబోయకండి.

వచ్చే శనివారం ఉదయం ఆరాధన మందిరం వెనక పందిరి దగ్గర ఆ చెల్లెమ్మ గుళ్ళు పోసే పని చేసి చూపిస్తుంది. పెద్దాయన కూడా వస్తామన్నారు. అచ్చు వేడెక్కడం గురించి ఆమెకూ ఆయనకూ ఒక చిన్న వాదన నడుస్తోంది, అది కూడా వినొచ్చు. పెద్దవాళ్ళు మాత్రమే రండి, పిల్లల్ని ఇంటి దగ్గర వదిలిపెట్టి రండి.

ప్రభువు మీ చేతిపనిని, ఆ పని పక్కన పెరుగుతున్న మీ బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.